ఐఈఎల్‌టీఎస్‌లో కాలాల తడబాటు.. తెలుగు నుంచే దిద్దుబాటు

అమీర్‌పేట, పంజాగుట్ట: విదేశాలలో చదువుకో, కొలువుకో వెళ్లదలచిన జిల్లాల యువతకు తొలి మజిలీ అమీర్‌పేట. మైత్రీవనం చుట్టుపక్కల వీధులలో శిక్షణ కేంద్రాలు, వాటి వెనుక హాస్టళ్లు, మెస్‌లు, కర్రీ పాయింట్లు, మెటీరియల్ అమ్మే జిరాక్స్ దుకాణాలు వరుసగా కనిపిస్తాయి. మెట్రోలో తర్వాతి స్టేషను పంజాగుట్ట. అక్కడి నుంచి సోమాజిగూడ వైపు సాగితే విదేశీ విద్యా సలహా సంస్థల బోర్డులు మొదలవుతాయి. శిక్షణ ఒక చోట, దరఖాస్తు మరొక చోట. ఈ రెండింటి నడుమ ఎందరినో నెలల తరబడి ఆపివేసేది ఆంగ్ల ప్రావీణ్య పరీక్షలో తగ్గిన ఒక అర బ్యాండు.

అర బ్యాండు అంటే తేలికగా తీసుకోవలసినది కాదు. బ్రిటన్‌లో నర్సుగా నమోదు కావాలంటే ఐఈఎల్‌టీఎస్ అకడమిక్‌లో మొత్తం మీద 7, విడివిడిగా వినడం, చదవడం, మాట్లాడడంలో 7 చొప్పున, రాయడంలో 6.5 రావాలి. రాయడంలోనూ 7 కావాలన్న నిబంధనను 2018 చివరలో సడలించారు. కెనడా ఎక్స్‌ప్రెస్ ఎంట్రీలో ఎక్కువ పాయింట్లు తెచ్చిపెట్టే తొమ్మిదో భాషా స్థాయికి వినడంలో 8, మిగిలిన మూడింటిలో 7 చొప్పున అవసరం. ఆస్ట్రేలియా 2024 మార్చిలో విద్యార్థి వీసాకు కనీస స్కోరును 5.5 నుంచి 6కు పెంచింది. అప్పు చేసి ఫీజు కట్టి, హాస్టల్‌లో మకాం పెట్టిన అభ్యర్థికి ఒక్క విభాగంలో 6 వచ్చి ఆగిపోతే పరీక్ష ఫీజు మళ్లీ కట్టవలసిందే. ప్రవేశాల గడువు దాటితే ఆ సీజను కూడా చేజారుతుంది.

ఆ అర బ్యాండు ఎక్కడ పోతుందన్నది అసలు ప్రశ్న. రాయడం, మాట్లాడడం విభాగాలలో పరీక్షకులు నాలుగు అంశాలను సమాన ప్రాధాన్యంతో చూస్తారు. వాటిలో ఒకటి వ్యాకరణం. అంటే నాలుగో వంతు. స్థూలంగా చెప్పాలంటే తప్పులు లేని వాక్యాలు తరచుగా కనబడితే 7వ బ్యాండు, అర్థం చెడకపోయినా తప్పులు దొర్లుతూ ఉంటే 6వ బ్యాండు. తెలుగు అభ్యర్థుల వాక్యాలలో మళ్లీ మళ్లీ దొర్లేవి క్రియాపదాల కాలాలకు సంబంధించిన తప్పులు. అవి ఇష్టం వచ్చినట్లు పుట్టుకొచ్చేవి కావు. చాలా వరకు తెలుగు వాక్యం నుంచి నేరుగా దిగివచ్చేవి. కనుక దిద్దుబాటు కూడా అక్కడి నుంచే మొదలుపెట్టవచ్చు.

పన్నెండు గళ్ల పట్టిక

శిక్షణ తరగతులలో తరచుగా మొదటి రోజే పన్నెండు టెన్సుల పట్టిక బోర్డు మీదికి వస్తుంది. వర్తమాన, భూత, భవిష్యత్ కాలాలను నాలుగేసి రూపాలుగా విడదీసి ఒకే క్రియను పన్నెండు గళ్లలో నింపడం అందరికీ కంఠతా వస్తుంది. 'షల్ హ్యావ్ బీన్ గోయింగ్' అని తడుముకోకుండా చెప్పగల అభ్యర్థి ఇంటర్వ్యూ గదిలో 'ఐ డిడ్‌నాట్ వెంట్' అనడం కొత్త విషయమేమీ కాదు. పట్టిక చెప్పేది రూపం. ఏ సందర్భంలో ఏ గడి వాడాలన్నది పట్టికలో ఉండదు.

పరీక్ష స్వభావం మారిన సంగతిని కూడా గుర్తించవలసి ఉంటుంది. 1964లో ఆరంభమైన టోఫెల్‌లో ఒకప్పుడు వ్యాకరణానికి ప్రత్యేక విభాగం ఉండేది. నాలుగు జవాబులలో సరైనది గుర్తిస్తే మార్కు వచ్చేది. 2005లో ఇంటర్నెట్ ఆధారిత పరీక్ష రావడంతో ఆ విభాగం పోయింది. 1989లో ఈ పేరుతో మొదలైన ఐఈఎల్‌టీఎస్‌లో కూడా నేటి విధానంలో ఖాళీలు పూరించే వ్యాకరణ ప్రశ్నాపత్రం లేదు. అభ్యర్థి తాను రాసిన వాక్యంలో, తాను పలికిన మాటలో కాలాన్ని ఎలా వాడారన్నదే కొలుస్తారు. పాత పద్ధతిలో బిట్లు చేయించే తరగతులు ఈ పని నేర్పలేవు.

మాతృభాష, నేర్చుకునే భాష రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చే పద్ధతిని రాబర్ట్ లాడో 1957లో ప్రచురించిన గ్రంథంలో ప్రతిపాదించారు. ఆ మరుసటి ఏడాదే, 1958లో, హైదరాబాద్‌లో సెంట్రల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఇంగ్లిష్ ఏర్పడింది. నేటి ఇఫ్లూ విశ్వవిద్యాలయం అదే. అన్ని తప్పులకూ మాతృభాషే కారణం కాదని తర్వాతి పండితులు సవరించారు గానీ, కాలాల విషయంలో ఆ పోలిక ఈనాటికీ అక్కరకు వస్తుంది.

'వెళ్తాను' అంటే రెండర్థాలు

తెలుగు వ్యాకరణంలో భూత, భవిష్యత్, వర్తమాన కాలాలతో పాటు తద్ధర్మం అని మరొకటి ఉంది. అలవాటును, స్వభావాన్ని తెలిపేది అది. పరవస్తు చిన్నయసూరి బాలవ్యాకరణంలో దీనిని విడిగానే చెప్పారు. వాడుక భాషకు వచ్చేసరికి తద్ధర్మానికీ, భవిష్యత్తుకూ ఒకటే రూపం మిగిలింది. 'రోజూ ఆరింటికి లేస్తాను' అన్నా, 'రేపు ఆరింటికి లేస్తాను' అన్నా క్రియ మారదు. రోజూ, రేపు అన్న మాటలే తేడా చెబుతాయి.

ఆంగ్లంలో ఈ రెండూ వేరు. రోజువారీ అలవాటుకు 'ఐ గెటప్ ఎట్ సిక్స్' సరిపోతుంది. 'విల్' చేర్చితే రేపటి మాట అవుతుంది. మాట్లాడే పరీక్ష మొదటి భాగం నాలుగైదు నిమిషాలు సాగుతుంది. అందులో ఊరు, చదువు, తీరిక వేళలు, తిండి, ప్రయాణం వంటి అలవాట్ల ప్రశ్నలే ఎక్కువ. 'డైలీ ఐ విల్ గో టు లైబ్రరీ', 'ఆన్ సండేస్ ఐ విల్ వాచ్ మూవీస్' అన్న జవాబులు ఇక్కడే వినబడతాయి. పరీక్షకునికి భావం అందుతుంది. తప్పు మాత్రం లెక్కలోకి వెళుతుంది. మొదటి అయిదు నిమిషాలలో ఇదే తప్పు అయిదారు సార్లు దొర్లితే తర్వాత ఎంత చక్కగా మాట్లాడినా ఆ ముద్ర తొలగడం కష్టం. మనసులో 'రోజూ' అన్న మాట చేర్చి చూసుకోవడం దీనికి ఉపాయం. చేర్చినా వాక్యం అతికితే 'విల్' అక్కరలేదు.

ఇదే తద్ధర్మం భూతకాలంలో తెలుగు అభ్యర్థికి మేలు చేయగలదు. 'చిన్నప్పుడు చెరువుకు వెళ్లేవాళ్లం' అనే వాక్యానికి 'వి యూజ్డ్ టు గో టు ది ట్యాంక్' అచ్చంగా సరిపోతుంది. వెళ్లాం వేరు, వెళ్లేవాళ్లం వేరు అన్న స్పృహ తెలుగువారికి పుట్టుకతోనే వస్తుంది. అయినా బాల్యం గురించి అడిగినప్పుడు 'యూజ్డ్ టు' వాడేవారు తక్కువే. చేతిలో ఉన్న ఆస్తిని వాడుకోకపోవడమే ఇది.

'-తున్నాను' రూపం మరో చిక్కు తెస్తుంది. నమ్ముతున్నాను, కోరుకుంటున్నాను, అర్థమవుతోంది అని తెలుగులో సహజంగా అంటారు. వాటిని ఉన్నవి ఉన్నట్లుగా 'ఐ యామ్ బిలీవింగ్', 'ఐ యామ్ అండర్‌స్టాండింగ్' అని దించేస్తారు. మనసుకు, జ్ఞానానికి, స్వాధీనానికి చెందిన ఇలాంటి క్రియలకు సాధారణంగా 'ఇంగ్' రాదు. 'ఐ బిలీవ్', 'ఐ అండర్‌స్టాండ్', 'ఐ హ్యావ్ టూ బ్రదర్స్' అనాలి. అభిప్రాయం చెప్పమనే వ్యాసాల ముగింపులో 'ఐ యామ్ స్ట్రాంగ్లీ బిలీవింగ్' అని రాసి నష్టపోతున్నవారు దీనిని ప్రత్యేకంగా గమనించాలి.

తేదీ ఉంటే 'హ్యావ్' వద్దు

'డిగ్రీ పూర్తి చేశాను', '2019లో డిగ్రీ పూర్తి చేశాను'. తెలుగులో రెండు చోట్లా 'చేశాను' ఒక్కటే. ఆంగ్లంలో మొదటిదానికి 'ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై డిగ్రీ', రెండోదానికి 'ఐ కంప్లీటెడ్ మై డిగ్రీ ఇన్ 2019' అనాలి. గడిచిపోయిన కాలాన్ని వేలు పెట్టి చూపే మాట, అంటే నిన్న, గత ఏడాది, రెండేళ్ల క్రితం, ఫలానా సంవత్సరంలో వంటిది వాక్యంలో ఉంటే 'హ్యావ్', 'హ్యాజ్' చెల్లవు. 'ఐ హ్యావ్ కంప్లీటెడ్ మై బీటెక్ ఇన్ 2019' అనే వాక్యం బయోడేటాలలో ఎంతగా స్థిరపడిందంటే అది తప్పని చెబితే నమ్మేవారు తక్కువ.

పరీక్షకులు 'హ్యావ్ యూ ఎవర్' అంటూ అడిగే ప్రశ్నలో కాలం తెరిచి ఉంటుంది. 'యెస్, ఐ హ్యావ్' అని మొదలుపెట్టి, తేదీ రాగానే సాధారణ భూతకాలానికి మారాలి. 'యెస్, ఐ హ్యావ్. ఐ వెంట్ టు అరకు ఇన్ 2022' అన్నట్లుగా. ఈ మలుపు సాఫీగా తిరిగితే భాష మీద పట్టు ఉన్నట్లు వెంటనే తెలిసిపోతుంది.

ఇక 'నుంచి' సంగతి. 'రెండేళ్ల నుంచి ఎస్ఆర్ నగర్‌లో ఉంటున్నాను', '2023 నుంచి ఉంటున్నాను' అంటాం. రెండు చోట్లా నుంచి, రెండు చోట్లా ఉంటున్నాను. ఫలితంగా 'ఐ యామ్ స్టేయింగ్ హియర్ సిన్స్ టూ ఇయర్స్' అన్న వాక్యం పుడుతుంది. ఇందులో తప్పులు రెండు. మొదలైన క్షణం చెప్పేటప్పుడే 'సిన్స్', గడిచిన నిడివి చెప్పేటప్పుడు 'ఫర్'. గతంలో మొదలై నేటికీ సాగుతున్న పనికి 'హ్యావ్ బీన్' తప్పనిసరి. 'ఐ హ్యావ్ బీన్ స్టేయింగ్ హియర్ ఫర్ టూ ఇయర్స్', లేదా 'సిన్స్ 2023'. నర్సింగ్ అభ్యర్థులు తమ అనుభవం గురించి చెప్పే మొదటి వాక్యంలోనే ఇది అవసరమవుతుంది.

'మీ ప్రాంతం ఎలా మారింది?' అన్న ప్రశ్న పరీక్షలో ఎప్పుడైనా ఎదురుకావచ్చు. దానికి అమీర్‌పేట కంటే మంచి ఉదాహరణ దొరకదు. మెట్రో 2017 నవంబరులో మొదలైంది. తేదీ ఉంది కనుక 'ది మెట్రో ఓపెన్డ్ ఇన్ 2017'. అప్పటి నుంచి ప్రయాణం సులువైంది. నేటికీ వర్తిస్తోంది కనుక 'ట్రావెల్ హ్యాజ్ బికమ్ ఈజియర్ సిన్స్ దెన్'. ఒకప్పుడు సత్యం థియేటర్ ఉండేది. 'దేర్ యూజ్డ్ టు బి ఎ థియేటర్ కాల్డ్ సత్యం'. దాని స్థానంలో మాల్ వచ్చింది, అందులో 2023లో కొత్త సినిమా హాళ్లు తెరిచారు. 'ఇట్ హ్యాజ్ బీన్ రీప్లేస్డ్ బై ఎ మాల్, అండ్ న్యూ స్క్రీన్స్ ఓపెన్డ్ దేర్ ఇన్ 2023'. రోజూ నడిచే దారి మీదనే మూడు రూపాలు సాధన చేయవచ్చు.

'హ్యాడ్' వాడకం ఎక్కువ కావడం మరో జబ్బు. 'లాస్ట్ మంత్ ఐ హ్యాడ్ గాన్ టు తిరుపతి' అంటే గొప్పగా వినబడుతుందన్న భ్రమ ఉంది. అక్కడ 'వెంట్' చాలు. గతంలోనే రెండు పనులుండి, వాటిలో ముందు జరిగినదేదో చెప్పవలసి వస్తేనే 'హ్యాడ్'. 'నేను స్టేషనుకు చేరేసరికే రైలు వెళ్లిపోయింది' అన్నప్పుడు 'వెన్ ఐ రీచ్డ్ ది స్టేషన్, ది ట్రెయిన్ హ్యాడ్ లెఫ్ట్'.

'లేదు' నేర్పే పాఠం

'డిడ్‌నాట్ వెంట్', 'డిడ్ యూ సా' అనే తప్పులను ఎంత దిద్దినా పోవని అధ్యాపకులు తల పట్టుకుంటారు. దీనికి మందు తెలుగులోనే ఉంది. 'వచ్చాడు' అన్న మాటను కాదనాలంటే 'వచ్చలేదు' అని ఎవరూ అనరు, 'రాలేదు' అంటారు. 'తిన్నాడు'కు 'తినలేదు', 'చేశాడు'కు 'చేయలేదు'. లేదు రాగానే అసలు క్రియ భూతకాలపు చొక్కా విప్పేస్తుంది. ఆంగ్లంలో 'డిడ్' చేసే పనీ అదే. కాలాన్ని 'డిడ్' తన మీద వేసుకుంటుంది కనుక పక్కనున్నది 'కమ్', 'ఈట్', 'డూ' అనే మూలరూపంలో ఉంటుంది. ఈ పోలిక ఒకసారి మనసుకెక్కితే పదిసార్లు ఇంపోజిషన్ రాయించనక్కరలేదు.

అయితే ఒక జాగ్రత్త. 'నిన్న రాలేదు', 'ఇంకా రాలేదు' రెంటికీ తెలుగులో ఒకే రాలేదు. ఆంగ్లంలో మొదటిది 'డిడ్‌నాట్ కమ్', రెండోది 'హ్యాజ్ నాట్ కమ్ యెట్'.

'తే'లో కాలం లేదు

'వాన పడితే ఆగిపోతాం' అనే వాక్యంలో 'పడితే'కు కాలం లేదు. అది నిన్నటిదీ కాదు, రేపటిదీ కాదు. ఆంగ్లంలోకి వచ్చేసరికి రేపటి సంగతే కదా అని 'ఇఫ్ ఇట్ విల్ రెయిన్' అనేస్తారు. 'ఇఫ్', 'వెన్', 'ఆఫ్టర్' వెనుక భవిష్యత్తును చెప్పాలన్నా సాధారణ వర్తమానమే వాడాలి. 'ఇఫ్ ఇట్ రెయిన్స్, వి విల్ స్టాప్'. 'కెనడా వెళ్లాక ఇల్లు వెతుక్కుంటాను' అనడానికి 'ఆఫ్టర్ ఐ గో టు కెనడా, ఐ విల్ లుక్ ఫర్ ఎ హౌస్'. భవిష్యత్ ప్రణాళికల గురించిన ప్రశ్నలలో ఈ తప్పుకు అవకాశం ఎక్కువ. జరగనిదానిని ఊహించేటప్పుడు, 'బాగా చదివి ఉంటే సీటు వచ్చేది' వంటి చోట 'ఇఫ్ ఐ హ్యాడ్ స్టడీడ్ వెల్, ఐ వుడ్ హ్యావ్ గాట్ ఎ సీట్' అనాలి. 'ఇఫ్' పక్కన 'వుడ్ హ్యావ్' పెట్టరాదు.

'అని' కూడా ఇలాంటిదే. 'వస్తానని చెప్పాడు' అన్నప్పుడు అవతలివాడి మాటను, కాలంతో సహా, తెలుగు భద్రంగా దాచి ఉంచుతుంది. ఆంగ్లం సాధారణంగా దానిని వెనక్కు జరుపుతుంది. 'హి సెడ్ దట్ హి వుడ్ కమ్'. 'హి టోల్డ్ దట్ హి విల్ కమ్' అనేదానిలో 'టోల్డ్' తర్వాత ఎవరికి చెప్పాడో లేకపోవడం అదనపు తప్పు.

రెండో భాగంలో ఒక నిమిషం ఆలోచించుకుని, ఒకటి రెండు నిమిషాలు మాట్లాడవలసి ఉంటుంది. జరిగిన సంఘటన చెప్పమన్నప్పుడు తెలుగువారు కథ రసపట్టులో పడగానే 'ఇంతలో ఒకాయన వస్తాడు, బండి ఆపుతాడు' అని వర్తమానంలోకి జారిపోతారు. కథ చెప్పే తీరుకు అది అందమే. పరీక్షలో మాత్రం మొదలుపెట్టిన భూతకాలంలోనే చివరి దాకా ఉండడం మేలు. సినిమా గురించి అడిగితే కథను వర్తమానంలో చెప్పవచ్చు, చూసిన రోజును భూతకాలంలో చెప్పాలి.

రాసేటప్పుడు పటం చెప్పిన కాలమే

అకడమిక్ రైటింగ్ మొదటి ప్రశ్నకు కనీసం 150 పదాలు, రెండోదానికి 250 పదాలు రాయాలి. మొత్తం సమయం 60 నిమిషాలు. రెండో ప్రశ్నకు రెట్టింపు విలువ ఉంటుంది. మొదటి ప్రశ్నలో గ్రాఫు వస్తే కలం పట్టుకోకముందే దాని కింద ఉన్న సంవత్సరాలు చూడాలి. ఉదాహరణకు దేశంలో అక్షరాస్యత 2001 జనాభా లెక్కల ప్రకారం సుమారు 65 శాతం, 2011లో సుమారు 73 శాతం. ఇవి గడిచిన సంవత్సరాలు. కనుక 'లిటరసీ రోజ్ ఫ్రమ్ 65 పర్సెంట్ ఇన్ 2001 టు 73 పర్సెంట్ ఇన్ 2011' అనాలి, 'హ్యాజ్ రైజన్' కాదు. గ్రాఫులో 2050 వంటి రాబోయే సంవత్సరం ఉంటే 'ఈజ్ ప్రొజెక్టెడ్ టు రైజ్'. సంవత్సరమే లేకపోతే వర్తమానం. సిమెంటు తయారీ వంటి ప్రక్రియ చిత్రం వస్తే కర్మణి ప్రయోగంలో వర్తమానం, అంటే 'లైమ్‌స్టోన్ ఈజ్ క్రష్డ్'. ఒక ఊరి అప్పటి, ఇప్పటి పటాలు పక్కపక్కన ఇస్తే 'హ్యాజ్ బీన్ బిల్ట్', 'హ్యాజ్ బీన్ రిమూవ్డ్' పనికివస్తాయి. పరిచయ వాక్యం మాత్రం ఎప్పుడూ 'ది గ్రాఫ్ షోస్' అనే ఉంటుంది. పటం ఇప్పుడు ఎదుట ఉంది కనుక.

కాలాల జ్ఞానం వినే విభాగంలోనూ కాపాడుతుంది. 'వి వర్ గోయింగ్ టు మీట్ ఆన్ ట్యూస్‌డే' అని టేపులో వినబడగానే చాలామంది మంగళవారం అని రాసేస్తారు. 'వర్ గోయింగ్ టు' అంటే అనుకున్నారు గానీ తరచుగా అది జరగలేదని సూచన. అసలు రోజు ఆ తర్వాతి మాటలో వస్తుంది. చదివే విభాగంలో 'హ్యాజ్ స్టార్టెడ్' అన్నదానికీ 'ప్లాన్స్ టు స్టార్ట్' అన్నదానికీ తేడా చూడనివారు ట్రూ, ఫాల్స్, నాట్ గివెన్ ప్రశ్నలలో దెబ్బతింటారు.

పరీక్ష గదిలో

రైటింగ్‌లో చివరి నాలుగు నిమిషాలు మిగుల్చుకుని, వ్యాసమంతా చదవకుండా క్రియాపదాల మీద మాత్రమే వేలు పెట్టుకుంటూ వెళ్లడం మంచి పద్ధతి. ప్రతి క్రియ దగ్గర తేదీ ఉందా, 'ఇఫ్' ఉందా, 'డిడ్' ఉందా అని మూడే ప్రశ్నలు వేసుకోవాలి. సాధనకు ఖరీదైన మెటీరియల్ అవసరం లేదు. ఫోనులో రెండు నిమిషాలు రికార్డు చేసుకుని, మాటను అక్షరాల్లో పెట్టి, క్రియల కింద గీత గీస్తే ఎవరి తప్పు ఏదో వారికే తెలుస్తుంది. సాధారణంగా అది ఒకటి రెండు రకాలకు మించదు. దుకాణాల్లో అమ్మే బట్టీ జవాబుల వల్ల ఈ సాధన జరగదు. పైగా కంఠస్థం చేసిన జవాబును గుర్తించడంలో పరీక్షకులకు శిక్షణ ఉంటుంది.

మాట్లాడేటప్పుడు తప్పు దొర్లితే వెంటనే 'సారీ, ఐ వెంట్' అని సవరించుకోవచ్చు. అప్పుడప్పుడు చేసే సవరణకు భయపడనక్కరలేదు. ప్రతి వాక్యానికీ వెనక్కు వెళితే మాత్రం ధారాళత కింద దెబ్బ పడుతుంది. స్కోరు రెండేళ్ల పాటు చెల్లుతుంది. కంప్యూటర్ పద్ధతిలో రాసి ఒక్క విభాగంలోనే తగ్గినవారు 60 రోజుల లోపు ఆ ఒక్క విభాగాన్ని మరోసారి రాసే వన్ స్కిల్ రీటేక్ సదుపాయం 2023లో మన దేశానికి వచ్చింది. దానిని అన్ని సంస్థలూ, అన్ని వీసా విభాగాలూ అంగీకరించవు కనుక ఫీజు కట్టే ముందే దరఖాస్తు చేసుకునే చోట విచారించుకోవాలి.